టికిగాక్ పాత షీటు: ప్రాజెక్టు డైరీ

1వ రోజు: షీటు ఎంపిక

పాయింట్ హోప్. అలాస్కా వాయవ్య కొసన చుక్చీ సముద్రంలోకి పొడుచుకొచ్చిన సన్నటి గులకరాళ్ల దిబ్బ. ఇనుపియాక్ వాళ్లు దీన్ని టికిగాక్ అంటారు. చూపుడువేలు అని అర్థం. పటం మీద చూస్తే పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు పేరు 1826లో బ్రిటిష్ నౌకాధికారి బీచీ పెట్టినది.

ఆర్కిటిక్ ఒడ్డున పాత టోపోషీట్లు (నేల తీరు, ఊళ్లు, నీళ్లు చూపే సర్వే పటాలు) దొరికే ఊళ్లు ఇంకా ఉన్నాయి: షిష్మారెఫ్, కివలీనా, వెయిన్‌రైట్, బారో (2016 చివరి నుంచి దీని అధికారిక పేరు ఉట్కియాగ్విక్). వాటిలో టికిగాక్‌నే తీసుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ ఊరే కదిలింది. ఒడ్డు కోత, తుఫానుల్లో వరద తట్టుకోలేక 1970ల మధ్యలో ఊరిని దాదాపు 2 మైళ్లు తూర్పుకి జరిపారు. కాబట్టి 1950ల షీటు మీద ఊరు ఒకచోట, నేటి ఉపగ్రహ చిత్రంలో ఇంకోచోట ఉంటుంది. రెండింటినీ ఒకే చట్రంలో సరిగ్గా కూర్చోబెడితే మూడు పొరలు రావాలి: పాత ఊరు, కొత్త ఊరు, మారిన ఒడ్డు. మొదటి రెండూ వస్తాయని ముందే తెలుసు. ఈ స్కేలు పటం నుంచి మూడోదాన్ని ఎంతవరకు రాబట్టవచ్చన్నదే ఈ డైరీ తేల్చాల్సిన విషయం.

పటం యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వారి 1:63,360 శ్రేణిది. అంగుళానికి ఒక మైలు. మన దగ్గర సర్వే ఆఫ్ ఇండియా మెట్రిక్‌లోకి మారకముందు వేసిన వన్-ఇంచ్ షీట్ల స్కేలు కూడా ఇదే. హైదరాబాదు పడే 56 కె షీట్లు తిరగేసినవాళ్లకి ఈ నిష్పత్తి కొత్త కాదు. తేడా కొలతల్లో ఉంది. మన షీటు 15 నిమిషాలకి 15 నిమిషాలు. అలాస్కాలో అక్షాంశం 15 నిమిషాలే, రేఖాంశం మాత్రం ఉత్తరానికి పోయేకొద్దీ 20 నుంచి 36 నిమిషాల దాకా పెరుగుతుంది. హైదరాబాదు దగ్గర 15 నిమిషాల రేఖాంశం అంటే సుమారు 26.6 కి.మీ. 68 డిగ్రీల దగ్గర 36 నిమిషాలు కలిపితేనే సుమారు 24.8 కి.మీ. అవుతుంది. కాగితం వెడల్పు కుదరడానికి చేసిన ఏర్పాటు అది.

2వ రోజు: అంచు రాతలు

యూఎస్‌జీఎస్ వారి టోపోవ్యూ సైట్‌లో ఈ షీట్లు జియోటిఫ్, జియోపీడీఎఫ్ రూపాల్లో ఉచితంగా దొరుకుతాయి, వాటికి జియోరెఫరెన్సింగ్ (స్కాన్‌ని భూమి మీది సరైన చోట కూర్చోబెట్టడం) కూడా చేసే ఉంటుంది. అయినా ఆ ఫైలుతో పాటు మడత పడిన ఒక కాగితం ప్రతి స్కాన్‌ని కూడా తీసుకుని, దాన్ని మొదటి నుంచీ మేమే కూర్చోబెడుతున్నాం. అలా చేస్తేనే తప్పు ఏ దశలో చేరుతోందో కనబడుతుంది.

స్కాన్ 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు. ఒక పిక్సెల్ కాగితం మీద 0.0423 మి.మీ., నేల మీద 2.68 మీటర్లు. ఈ అంకె చివరిదాకా పనికొస్తుంది.

చాలామంది ముందుగా పటం చుట్టూ ఉన్న తెల్ల అంచుని కత్తిరించేస్తారు. ఆ పని చేయొద్దు. అసలు సమాచారమంతా అక్కడే ఉంది. కింది ఎడమ మూలలో చదవాల్సినవి ఇవి: ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని కాగితం మీదికి తెచ్చిన పద్ధతి), డేటమ్ అంటే నిర్దేశాంకాలు కొలిచే ఆధారం (ఈ కాలపు షీట్ల మీద 1927 నార్త్ అమెరికన్ డేటమ్, అంటే నాడ్ 27), అంచున ఉన్న నీలం టిక్కులు (చిన్న గీతలు) ఏ యూటీఎం జోన్‌వి (యూటీఎం అంటే భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే గ్రిడ్), విమాన ఫొటోలు తీసిన సంవత్సరం, నేల మీద తనిఖీ జరిగిందా లేదా. అలాస్కా షీట్లలో "క్షేత్ర తనిఖీ జరగలేదు" అన్న అర్థమొచ్చే వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఇది చూడకుండా ఇళ్ల గుర్తులు లెక్కపెట్టడం మొదలుపెడితే బోల్తా పడతాం.

తేదీల విషయంలో ఇంకో చిక్కుంది. మూలన పెద్దగా అచ్చయిన సంవత్సరం పటానిది. ఒడ్డు గీత మాత్రం విమాన ఫొటో సంవత్సరానిది. తర్వాతి ముద్రణల్లో "చిన్న సవరణలు" అని ఇంకో సంవత్సరం చేరుతుంది. ఫొటోల నుంచి సవరించిన భాగాలు ఊదారంగులో ఉంటే పని సులువు, ఏది తర్వాత చేరిందో రంగే చెబుతుంది. ఒడ్డు ఊదారంగులో లేకపోతే పైన ఏ సంవత్సరం రాసి ఉన్నా అది పాత ఒడ్డే. మా పట్టికలో మూడు గడులు వేరువేరుగా పెట్టాం: ఫొటో సంవత్సరం, పటం సంవత్సరం, ముద్రణ సంవత్సరం.

4వ రోజు: మూలలు, చట్రం ఆకారం

మూలల అక్షాంశ రేఖాంశాలు ఫార్ములాతో లెక్కగట్టొచ్చు. కానీ నమ్మాల్సింది అచ్చయిన అంకెలనే. 165 డిగ్రీల నుంచి 36 నిమిషాల చొప్పున పడమటికి లెక్కిస్తే ఒక అంచు 166°48' మీద పడుతుంది. దిబ్బ కొస సరిగ్గా ఆ గీత చుట్టుపక్కలే ఉంది. ఇలా నేల కొద్దిగా బయటికి పోయే చోట్ల చిన్న ముక్క కోసం ఇంకో షీటు వేయకుండా, గీతని చట్రం దాటించి గీయడం యూఎస్‌జీఎస్‌కి అలవాటు. లెక్క ప్రకారం మూలలు ఇచ్చేస్తే షీటంతా పక్కకి లాగినట్టు అవుతుంది.

68°15' నుంచి 68°30' దాకా, 36 నిమిషాల మామూలు షీటుకి లెక్కలు ఇలా వస్తాయి:

కింది అంచు 24.82 కి.మీ., పై అంచు 24.55 కి.మీ. అంటే పైన 270 మీటర్లు తక్కువ, కాగితం మీద 4 మి.మీ. పైచిలుకు. ఎత్తు 27.89 కి.మీ., కాగితం మీద 44 సెం.మీ., మన స్కాన్‌లో సుమారు 10,400 పిక్సెళ్లు.

షీటు దీర్ఘచతురస్రం కాదు, పైన ఇరుకైన సమలంబ చతుర్భుజం. ఇది తెలియక స్కాన్‌ని "సరిచేసి" నాలుగు మూలలూ లంబకోణానికి తెచ్చేవాళ్లున్నారు. అలా చేస్తే 270 మీటర్ల తప్పుని చేజేతులా పటంలోకి ఎక్కించినట్టే.

యూటీఎంలో పెట్టాక షీటు కొంచెం వాలి కనిపిస్తుంది. అది కూడా తప్పు కాదు. జోన్ 3 నడిమి రేఖ 165 డిగ్రీల పడమర, ఊరు 166°46' దగ్గర. ఆ తేడాని అక్షాంశపు సైన్‌తో గుణిస్తే సుమారు 1.64 డిగ్రీల వాలు. షీటు ఎత్తు పొడవునా 800 మీటర్లు పక్కకి జరుగుతుంది. దాన్ని నిటారు చేయాలని చూడొద్దు.

కాగితం స్కాన్‌లో ఎత్తు కొలిస్తే 10,400కి కాస్త తక్కువ వచ్చింది, వెడల్పు దాదాపు సరిపోయింది. కాగితం నారవెంట ఒకలా, నారకి అడ్డంగా ఒకలా ముడుచుకుంటుంది. అందుకే రెండు దిక్కులా ఒకే స్కేలు వాడే హెల్మర్ట్ మార్పు ఇక్కడ పనికిరాదు. ఒక్కో దిక్కుకి వేరే స్కేలు ఇచ్చే అఫైన్ మార్పు కావాలి.

5వ రోజు: నియంత్రణ బిందువులు (స్కాన్ మీద, నేల మీద రెండుచోట్లా స్థానం తెలిసిన బిందువులు)

నాలుగు మూలలతో ఆగితే అఫైన్ లోపం దాదాపు సున్నా చూపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోవద్దు. అఫైన్‌కి మూడు బిందువులు చాలు, నాలుగోది ఒక్కటే తనిఖీకి మిగులుతుంది. మూలలతో పాటు చట్రం మీది టిక్కులు, లోపలి ప్లస్ గుర్తులు కలిపి 4×4 వలగా 16 బిందువులు తీసుకున్నాం. సముద్రం మీద కూడా ప్లస్ గుర్తులు అచ్చవుతాయి కాబట్టి నీలం భాగంలోనూ బిందువులు దొరుకుతాయి. ఒడ్డు షీట్లకి ఇదో అదృష్టం.

పద్ధతి:

ముందు 16 ఖండన బిందువుల అక్షాంశ రేఖాంశాలతో ఒక సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) రాయాలి. నిమిషాలని దశాంశంలోకి మార్చి రాయాలి, 166°12' అంటే 166.2. పడమర రేఖాంశానికి మైనస్ తప్పనిసరి. మైనస్ మరిచిపోతే ఊరు రష్యాలో తేలుతుంది. 68 ఉత్తరం, 166 తూర్పు అంటే చుకోట్కాలోని బిలిబినో దగ్గర. అదీ ఆర్కిటిక్కే, అక్కడా టండ్రానే. జూమ్ చేసి చూసినా వెంటనే అనుమానం రాదు.

ఆ సీఎస్‌వీని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఈపీఎస్‌జీ 4267 (నాడ్ 27 అక్షాంశ రేఖాంశాలు; ఈపీఎస్‌జీ అంటే నిర్దేశాంక పద్ధతులకి ఇచ్చే కోడ్ నంబరు)గా తెరిచి, ఈపీఎస్‌జీ 26703 (నాడ్ 27, యూటీఎం 3 ఉత్తరం)లోకి మార్చి వేరే పొరగా దాచాలి. క్యూజీఐఎస్‌లోని జియోరెఫరెన్సర్ కిటికీలో స్కాన్ మీద ప్లస్ గుర్తు నడిమిని నొక్కి, "మ్యాప్ నుంచి" అన్న బొత్తాంతో ఆ పొరలోని బిందువుకి స్నాప్ చేయాలి. అంకెలు చేత్తో కొట్టేకంటే ఇలా చేస్తే తప్పులు బాగా తగ్గుతాయి. లక్ష్య సీఆర్‌ఎస్ (నిర్దేశాంక పద్ధతి) 26703, మార్పు పద్ధతి పాలినామియల్ 1 (అఫైన్), రీశాంప్లింగ్ (కొత్త చోట పిక్సెళ్ల రంగు తేల్చే పద్ధతి) నియరెస్ట్ నైబర్, కుదింపు డిఫ్లేట్. జేపెగ్ వద్దు. గోధుమరంగు కాంటూరు గీతల చుట్టూ మసక చేరి తర్వాత రంగుల వారీగా విడదీయడం కుదరదు.

ప్లస్ గుర్తు గీత మందం 3, 4 పిక్సెళ్లు ఉంటుంది. స్కాన్‌ని 400 శాతానికి పెంచి నడిమి పిక్సెల్‌నే నొక్కాలి. ఒక్కో బిందువు లోపం 2 పిక్సెళ్లు, అంటే సుమారు 5 మీటర్లు దాటకూడదన్నది మా హద్దు. మూడు బిందువులు దాటాయి. మూడూ ఒకే వరసలో ఉన్నాయి, ఆ వరస సరిగ్గా మడత గీత. ఇలా లోపాలు ఒక గీత వెంబడి వరస కట్టాయంటే అది నొక్కడంలో పొరపాటు కాదు, కాగితం సంగతి.

థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే వంపులిచ్చే మార్పుకి మారితే లోపం సున్నా అయిపోతుంది. అయితే ఆ పద్ధతి నడిచేదే అలా: ఇచ్చిన ప్రతి బిందువునీ బలవంతంగా దాని చోటికి లాగుతుంది. తప్పుగా నొక్కిన బిందువుని కూడా అంతే నమ్మకంగా లాగుతుంది. అందుకే మడతకి రెండు వైపులా నీలం యూటీఎం టిక్కుల నుంచి ఇంకో 8 బిందువులు చేర్చాం. వాటిలో 4 మాత్రమే లెక్కలోకి తీసుకుని మిగిలిన 4 తనిఖీకి దాచాం. దాచిన బిందువుల దగ్గర లోపం తగ్గితేనే స్ప్లైన్ నిజంగా పనిచేసినట్టు. ఇక్కడ తగ్గింది. మడత లేని షీటుకి మాత్రం అఫైన్ దాటి వెళ్లొద్దు.

8వ రోజు: డేటమ్

ఈ పనిలో ఎక్కువమంది పడిపోయే గుంట ఇదే.

మొదటి పొరపాటు, 26703కి బదులు 26903 ఎంచుకోవడం. ఒకటి నాడ్ 27, ఇంకోటి నాడ్ 83. జాబితాలో పక్కపక్కనే కనబడతాయి. నాడ్ 27 వాడేది క్లార్క్ 1866 దీర్ఘవృత్తజం, అంటే భూమి ఆకారానికి లెక్కలో వాడే నమూనా (దాని అర్ధాక్షాలు 6378206.4, 6356583.8 మీటర్లు), నాడ్ 83 వాడేది జీఆర్‌ఎస్ 80. భూమధ్యరేఖ నుంచి 68 డిగ్రీల దాకా మధ్యాహ్నరేఖ పొడవు ఈ రెండింటిలో సుమారు 180 మీటర్లు తేడా వస్తుంది. అంటే డేటమ్ జరుగుడు సంగతి తర్వాత, దీర్ఘవృత్తజం మారినందుకే నార్తింగ్ (ఉత్తరపు దూరం అంకె) అంత జరిగిపోతుంది. టికిగాక్ దిబ్బ కొస దగ్గర 180 మీటర్లు అంటే గులకదిబ్బ మీది ఇల్లు సముద్రంలో పడటానికి చాలు. ఆ తప్పుతో చూస్తే ఒడ్డు భయంకరంగా కోసుకుపోయినట్టు కనబడుతుంది. కోత వార్తలు వినివిని ఉన్నాం కాబట్టి మనం దాన్ని నమ్మేస్తాం కూడా. ఉత్తరపు ఒడ్డూ దక్షిణపు ఒడ్డూ రెండూ ఒకే దిక్కుకి ఒకే దూరం జరిగాయంటే అది కోత కాదు, డేటమ్ తప్పు. దిబ్బకి రెండు వైపులా నీళ్లుండటం ఈ తనిఖీకి బాగా కలిసొచ్చింది.

రెండో పొరపాటు మరీ కనబడనిది. నాడ్ 27 నుంచి నాడ్ 83కి మార్చేటప్పుడు సరైన దారి అలాస్కా నాడ్‌కాన్ గ్రిడ్, అంటే చోటుచోటుకీ ఎంత జరపాలో చెప్పే పట్టిక. ఆ గ్రిడ్ ఫైలు కంప్యూటర్‌లో లేకపోతే క్యూజీఐఎస్ వెనక లెక్కలు చేసే ప్రోజ్ ఆగిపోదు, ఉన్న దారుల్లో ఏదో ఉజ్జాయింపుది పట్టుకుని లెక్క కట్టేస్తుంది. క్యూజీఐఎస్ కిటికీలో చిన్న హెచ్చరిక వస్తుంది, జనం దాన్ని మూసేస్తారు. సెట్టింగ్స్‌లో మార్పుల జాబితా తెరిచి అలాస్కా గ్రిడ్ వరస ఎంచుకోవాలి, అది లేత రంగులో ఉంటే ఫైలు దింపుకోవాలి. అమెరికా ప్రధాన భూభాగపు గ్రిడ్ అలాస్కాని కప్పదు.

రాస్టర్‌ని (పిక్సెళ్ల చిత్రాన్ని) రెండోసారి వార్ప్ చేయలేదు, అంటే మళ్లీ సాగదీసి కూర్చోబెట్టలేదు. 26703లోనే ఉంచి, దాని మీద గీసిన వెక్టర్లని (బిందువులు, గీతలని) మాత్రమే చివర్లో 26903కి మార్చాం. ప్రతి వార్ప్‌కీ పిక్సెళ్లు కాస్త అరుగుతాయి, వెక్టర్ అరగదు. నాడ్ 83కీ ఉపగ్రహ చిత్రాలు వాడే డబ్ల్యూజీఎస్ 84 డేటమ్‌కీ మధ్య ఉన్న ఒకటి రెండు మీటర్ల తేడాని ఈ స్కేల్లో పట్టించుకోలేదు.

ఇదే పద్ధతి సెయింట్ లారెన్స్ ద్వీపం మీది గాంబెల్, సవూంగాలకి వాడాలనుకునేవాళ్లకి ఒక మాట. ఆ ద్వీపానికి వేరే స్థానిక డేటమ్ ఉంది, ఈపీఎస్‌జీ 4136. అంచు రాత చూడకుండా నాడ్ 27 అనుకోవద్దు.

11వ రోజు: నేలతో పోల్చి తనిఖీ

గ్రాటిక్యూల్ (అక్షాంశ రేఖాంశాల వల) సరిపోయిందంటే కాగితం సరిగ్గా కూర్చుంది అనే అర్థం. పటం నేలతో సరిపోయిందో లేదో అది చెప్పదు. దానికి వేరే బిందువులు కావాలి.

అన్నిటికంటే మంచివి పటం మీద త్రిభుజం గుర్తుతో ఉన్న త్రికోణమితి స్టేషన్లు. వాటి నిర్దేశాంకాలు అమెరికా జాతీయ జియోడెటిక్ సర్వే పత్రాల్లో దొరుకుతాయి. తర్వాత రాతి కొసలు, బండరాయిలో కోసుకుపోయే వాగుల కలయికలు. ఆగ్నేయాన కేప్ థాంప్సన్ కొండచరియల వైపు ఇవి ఉన్నాయి.

వాడకూడనివి: సరస్సుల అంచులు, ఉప్పుకయ్యల నోళ్లు, నదుల డెల్టాలు. గడ్డకట్టిన నేల కరిగి ఏర్పడిన సరస్సు గట్టు దానంతటదే జరుగుతుంటుంది. కుక్‌పుక్ నది వచ్చి పడే మారియట్ ఇన్లెట్ నోరు, దక్షిణాన ఐయౌటాక్ లగూన్ కట్ట, ఇవి చూడటానికి చక్కటి గుర్తుల్లా ఉంటాయి. వాటితో షీటుని లాగి సరిపెట్టామంటే, మనం కొలవాలనుకున్న మార్పునే తుడిచేసినట్టు.

నేటి చిత్రానికి సెంటినెల్-2 ఉపగ్రహానిది వాడాం, పిక్సెల్ 10 మీటర్లు. చిత్రం జులై చివరి నుంచి సెప్టెంబరు లోపుదే తీసుకోవాలి. దానికి ముందైతే ఒడ్డుకి అతుక్కున్న మంచు నేలలా కనబడుతుంది. దాని తర్వాత ఎండ వాలిపోయి నీడలు పొడుగవుతాయి. ఇక్కడ ఆటుపోట్ల ఎత్తు అడుగు లోపే. తుఫాను గాలి నీటిని ఒడ్డు మీదికి నెట్టడమే అసలు సమస్య, అందుకే చిత్రం తీసిన రోజు గాలి చూసుకోవాలి.

13వ రోజు: గీయడం

ఒడ్డు: నీలం గీత మందం 0.15 మి.మీ. అనుకుంటే నేల మీద 9.5 మీటర్లు. దాని సముద్రం వైపు అంచు, నడిమి, నేల వైపు అంచు, మూడింటిలో ఒకటి నిర్ణయించుకుని చివరిదాకా అదే పాటించాలి. మాది నడిమి. ఒకే 2 కి.మీ. ముక్కని రెండుసార్లు, మధ్యలో ఒక రోజు విడిచి గీశాం. రెండు గీతల మధ్య ఎడమే గీతలో మన లోపం.

ఇళ్లు: నల్ల చదరాలు. ఇక్కడ బాగా జాగ్రత్త పడాలి. చదరం కాగితం మీద అర మి.మీ. ఉన్నా నేల మీద 32 మీటర్లు. అంత పెద్ద ఇల్లు ఆ ఊళ్లో ఎక్కడిది? అది గుర్తు మాత్రమే, ఇంటి కొలత కాదు. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట గుర్తులు ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కకి జరిపి అచ్చేస్తారు, కొన్ని వదిలేస్తారు. అందుకని బహుభుజులుగా గీయకుండా బిందువులుగా పెట్టాం. లెక్కని జనాభాకి ముడిపెట్టే గడి అసలు పెట్టలేదు. మట్టిపెళ్లల పాత ఇళ్లు, గడ్డకట్టిన నేలలో తవ్విన మాంసపు నేలమాళిగలు ఈ స్కేలు పటంలోకి రావు. అవి లేవని కాదు.

గీసినవాటిని దాచే ఫైలు రూపం జియోప్యాకేజీ. పాత రూపమైన షేప్‌ఫైలు వద్దు. ఇనుపియాక్ పేర్లలో చుక్కలు పెట్టిన అక్షరాలున్నాయి. షేప్‌ఫైలు పట్టికలో తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారడం చూసినవాళ్లకి కారణం తెలుసు. గడి పేరు 10 అక్షరాలకి కుదించుకుపోవడం దానికి తోడు.

15వ రోజు: లోపాల లెక్క

అమెరికా పటాల ఖచ్చితత్వ ప్రమాణం ప్రకారం ఈ స్కేలు పటాల్లో పరీక్షించిన బిందువుల్లో 90 శాతం అంగుళంలో 50వ వంతు లోపల ఉండాలి. 1:63,360లో అది 32 మీటర్లు. మిగిలినవి: కూర్చోబెట్టడంలో 5, గీయడంలో 5, సెంటినెల్ స్థానంలో 12, దాని పిక్సెల్ 10. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 36 మీటర్లు.

ఫొటో 1950ది, చిత్రం 2020ది అనుకుందాం. 36ని 70తో భాగిస్తే ఏడాదికి అర మీటరు. అంతకంటే నెమ్మదిగా కదిలే ఒడ్డు గురించి ఈ షీటు ఏమీ చెప్పలేదు. పెరిగిందనీ చెప్పలేదు, తరిగిందనీ చెప్పలేదు.

ఇంకా తూర్పున, కెనడా సరిహద్దు నుంచి ఐసీ కేప్ దాకా ఉన్న ఉత్తర తీరంలో యూఎస్‌జీఎస్ కొలిచిన సగటు కోత ఏడాదికి 1.4 మీటర్లు. 70 ఏళ్లకి 98 మీటర్లు. అక్కడైతే ఇలాంటి షీటు కూడా సాక్ష్యం చెబుతుంది. చుక్చీ వైపు గులకదిబ్బలు అంత వేగంగా కదలవు. ఇక్కడ మా గీతలు చాలా చోట్ల 36 మీటర్ల పట్టీ లోపలే పడ్డాయి. ఆ ముక్కలన్నిటికీ "తేల్చలేం" అని రాసి బూడిదరంగు వేశాం. రంగులు వేస్తే పటం ఎంత బాగుండేదో తెలుసు. వేయలేదు.

ఈ పరిమితిలోంచి బయటపడే దారి టీ-షీట్లు, అంటే తీర సర్వే సంస్థ 1940లు, 50లలో వేసిన ఒడ్డు పటాలు. చాలావరకు 1:20,000. అదే 50వ వంతు సూత్రం వాటికి పెడితే 10 మీటర్లు, మొత్తం లోపం సుమారు 20. ఏడాదికి 0.28 మీటర్ల దాకా పట్టుకోవచ్చు. తర్వాతి దశకి అవే తీసుకుంటున్నాం.

16వ రోజు: బయటికి ఇచ్చేవి

పాత ఊరు, కొత్త ఊరు పొరలు తయారు. 2 మైళ్ల జరుగుడు 36 మీటర్ల లోపానికి చాలా పైన ఉంది, అక్కడ సందేహం లేదు.

ఒక పొర మాత్రం ఇవ్వడం లేదు. పాత టికిగాక్ దగ్గరే ఇపియుటాక్ ఉంది. పురావస్తు శాస్త్రజ్ఞులు లార్సెన్, రైనీ 1939లో తవ్వకం మొదలుపెట్టిన చోటు. సమాధులు, పాత ఇళ్ల దిబ్బలు ఉన్న నేల అది. ఒడ్డు కోసినచోట వస్తువులు బయటపడతాయి, ఖచ్చితమైన బిందువులు చేతికొస్తే ఏరుకుపోయేవాళ్లు వస్తారు. పటం మీద కనబడిన ఆ గుర్తులని మా ప్రతిలో ఉంచి, పంచే ప్రతిలోంచి తీసేశాం. తీసేసినట్టు మెటాడేటాలో (ఫైలు గురించిన వివరాల్లో) రాశాం.

పంచే మూటలో ఉన్నవి: అంచు రాతలు కత్తిరించని అసలు స్కాన్, బిందువుల ఫైలు (దాచిన 4 తనిఖీ బిందువులు వేరే గుర్తుతో), 26703లో రాస్టర్, 26903లో జియోప్యాకేజీ, వాడిన గ్రిడ్ ఫైలు పేరు, ప్రతి ఒడ్డు ముక్క పక్కనా దాని లోపం మీటర్లలో. తర్వాతి దశకి మొదటి టీ-షీటు స్కాన్ తెరిచాం. మూలల్లో టిక్కులు చేత్తో వేసినవి, ఒకే మూలన రెండు వేర్వేరు రంగుల్లో రెండు ఉన్నాయి. ఒకటి పాత స్థానిక డేటమ్‌ది అయ్యుండాలి. ఏది దేనిదో తేలేదాకా బిందువులు పెట్టడం లేదు.